అప్పయమ్మ వచ్చిన పూట

అలలపేటలో పొద్దున్నే లేచినవాళ్ళు ముందుగా కిటికీ తీసి చూసేది ఎండ వచ్చిందా అని కాదు, తమ ఇల్లు ఇవాళ ఎటు తిరిగి ఉందా అని. సముద్రం మీద తేలే ఊరు మరి. లంగరు వేసిన ఇనుప తెప్పల మీద ఇళ్ళు, ఇళ్ళ మధ్య ఊగే వంతెనలు, గాలి ఎటు తోస్తే అటు తిరిగే వీధులు. నిన్న ఎదురింట్లో ఉన్నావిడ ఇవాళ పెరటివైపు కనిపిస్తుంది. అక్కడి నుంచే పలకరిస్తుంది, "ఏటి, కూరేం వండేవు?" అని. ఒడ్డున ఉన్న పల్లెలు ఒకదాని తర్వాత ఒకటి నీళ్ళలో కలిసిపోయాక, ఎక్కడెక్కడి జనాన్నో తెచ్చి ఒక్కచోట తేల్చిన ఊరది.

ఆ ఊళ్ళో పిల్లా పెద్దా అందరి మణికట్టుకీ ఒక సన్నటి కడియం ఉండేది. దాని పేరు నెత్తురుచూపు. వెంట్రుకలో సగం మందం లేని సూదితో చర్మం కింద నెత్తుటిని తాకుతూ, ఏ కణం ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోతోంది అని అది కనిపెట్టి చూసేది. చీమ కుట్టినంత కూడా తెలిసేది కాదు. ఊళ్ళో కడియాలన్నీ చూసిన సంగతుల్ని కూడగట్టి, మనిషిలా మాట చెప్పే యంత్రం ఆస్పత్రి తెప్ప మీద ఉండేది. దాని గొంతు ఆడగొంతు. అందుకని జనం దాన్ని చూపమ్మ అని పిలుచుకునేవారు. కొందరైతే పండగపూట దాని ముందు అరటిపండు కూడా పెట్టి వచ్చేవారు.

పెట్టరూ మరి! అది చేసే పని అలాంటిది. పక్షవాతం సంగతే తీసుకోండి. డాక్టర్లు ఇస్కీమిక్ స్ట్రోక్ అంటారు. మెదడుకి నెత్తురు మోసే నాళంలో గడ్డ అడ్డం పడుతుంది. పిల్లకాలవలో గుర్రపుడెక్క అడ్డం పడితే చివరి మడి ఎండిపోయినట్టు, ఆ నాళం కింద ఉన్న మెదడు ముక్క ఎండిపోతుంది. పూర్వం ఆ గడ్డని కరిగించేవాళ్ళు, ఫొటో తీసి ఎంత మేర ఎండిందో చెప్పేవాళ్ళు. కానీ ఎండిన మడి పక్కన మళ్ళీ చిగురు వేస్తోందా లేదా అంటే మాత్రం, "చూద్దామండీ" అనేవాళ్ళు. ఆ చూద్దాంలోనే ఎంతమంది బతుకులు మంచానికి అతుక్కుపోయాయో.

నెత్తురుచూపు ఆ సంగతి నెత్తుట్లోంచే చెప్పేది. మెదడులో ఒక చోట ఎండగానే ఎముక మూలుగలోంచి కొన్ని కణాలు బయలుదేరతాయి. వాటి శాస్త్రం పేరు ఎండోథీలియల్ ప్రోజెనిటర్ సెల్స్. అలలపేటలో మరమ్మతు కణాలు అనేవారు. అవి నెత్తుటి వెంట వెళ్ళి, ఎండిన చోటు చుట్టూ సన్నటి కొత్త నాళాలు అల్లుతాయి. అటు మెదడు కణాలు కూడా ఊరికే ఉండవు. తమలోంచి చిట్టి సంచుల్ని నెత్తుట్లోకి వదులుతాయి. ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంటారు వాటిని. ఏ సంచి చేతిని ఆడించే చోటు నుంచి వచ్చిందో, ఏది మాట పుట్టే చోటు నుంచి వచ్చిందో దాని మీదే గుర్తు ఉంటుంది. ఈ రెండింటినీ లెక్కగట్టి చూపమ్మ ఒక గీత గీస్తుంది. దాన్ని కోలురేఖ అంటారు. రేఖ పైకి ఉన్నన్నాళ్ళు తలుపు తెరిచి ఉన్నట్టు. అప్పుడు ఏది సాధన చేస్తే అది మెదడుకి పట్టుబడుతుంది. రేఖ కిందికి వాలి అక్కడే ఉండిపోయిందా, తలుపు మూసుకున్నట్టే. ఆ లోపల వచ్చిందే వచ్చినట్టు.

ఇంత గొప్ప యంత్రానికీ కొప్పాడి నూకరత్నం దగ్గర చిక్కు వచ్చి పడింది.

నూకరత్నం అంటే ఆ ఊరికి చుట్టరికాల పుట్ట. ఏ పల్లెవాడైనా కొత్తగా వచ్చి వంతెన మీద నిలబడితే, "ఏ ఊరు నాయనా? ఇంటిపేరేటి? మీ అమ్మ పుట్టిల్లేది?" అని మూడు ముక్కలు అడిగేది. అంతే, వాడు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేలోపల ఊళ్ళో సగంమందికి వాడు ఏమవుతాడో తేల్చేసేది. ఎవరికి మామో, ఎవరికి తమ్ముడో, ఎవరితో వేళాకోళం ఆడొచ్చో, ఎవరి ముందు తల వంచి నిలబడాలో. ఊరూ పేరూ పోగొట్టుకుని వచ్చినవాళ్ళు సాయంత్రానికి బంధువర్గంతో అన్నానికి కూర్చునేవారు. అలలపేటని ఇనుప తెప్పలు తేల్చాయి గానీ, ఊరుగా కట్టింది నూకరత్నం నోరు.

ఆ నోరే పడిపోయింది. ఎండు చేపలు ఆరబెడుతూ ఆరబెడుతూ కూలబడింది. కడియం వెంటనే కేకేసింది. ఆస్పత్రివాళ్ళు గడ్డ కరిగించారు. కాళ్ళు బాగానే వచ్చాయి, చెయ్యీ ఆడింది. మాట మాత్రం రాలేదు. లోపల అన్నీ తెలుస్తున్నాయి. మనిషిని చూస్తే గుర్తుపడుతోంది, నవ్వుతోంది. నోరు తెరిస్తే "అ... అ..." అంతే. తర్వాత కళ్ళలో నీళ్ళు.

కొడుకు వీరబాబు నాచుతోట పని మానేసి తల్లి మంచం పక్కనే కూర్చున్నాడు. బంగారంలాంటి పిల్లాడు. తల్లి కళ్ళు నీళ్ళగ్లాసు వైపు తిరిగితే చాలు, నోటికి అందించేవాడు. "నీకేం కాదమ్మా, నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంటాను" అని తల నిమిరేవాడు. ఊరివాళ్ళూ అంతే. గదిలోకి వచ్చేటప్పుడు గొంతు తగ్గించి వచ్చేవారు, అన్నిటికీ తల ఊపేవారు.

ఆమెని చూస్తున్నది ఇద్దరు. మెదడు డాక్టరు మేదిని, కణాల శాస్త్రవేత్త ఇమ్తియాజ్. మరమ్మతు కణాల్ని లేపే మందులు ఇచ్చారు, పాటలు వినిపించారు, మాట సాధన చేయించారు. రేఖ కాస్త లేవడం, మళ్ళీ వాలడం.

"చూపమ్మా, ఇంకెంత గడువుంది?" అని అడిగింది మేదిని.

"నెల తిరిగేలోపు తలుపు మూసుకుంటుంది డాక్టర్ గారూ. మాట చోటు నుంచి సంచులు చాలా తక్కువ వస్తున్నాయి. ఆవిడ మెదడుకి మాట్లాడాల్సిన అవసరం కనిపించడం లేదు."

ఇమ్తియాజ్‌కి కోపం వచ్చింది. "అవసరం కనిపించడం లేదా? ఊళ్ళో అందరికన్నా ఎక్కువ మాట్లాడే మనిషి!"

ఆ మర్నాడే ఒడ్డు నుంచి అప్పయమ్మ దిగింది.

అప్పయమ్మ నూకరత్నానికి ఆడపడుచు, మొగుడి చెల్లెలు. కూతురి పురుడుకని ఒడ్డున ఉండి, వదినకి బాగాలేదని తెలిసి పడవెక్కి వచ్చింది. గదిలో అందరూ గుసగుసగా మాట్లాడుతుంటే, వస్తూనే సంచీ ధబ్బున మంచం మీద పడేసింది.

"ఏటి వదినా, పడుకుండిపోయేవు? ఊళ్ళో ఎండుచేపలన్నీ కాకులు ఎత్తుకుపోతన్నాయి" అని మొదలెట్టి, మంచంమీదే చతికిలబడి ఊరి కబుర్లన్నీ చెప్పుకొచ్చింది. చెబుతూ చెబుతూ, "అన్నట్టు నీకు తెలుసో లేదో, కొత్తగా పడవ నడపడానికి నరసయ్య అని ఒకాయన వచ్చేడు. మీ నాన్నకి మేనత్త పైడమ్మ లేదూ, ఆవిడ మనవడంట. నీకు అన్న వరసవుతాడు. నాకు బావ" అంది.

నూకరత్నం కళ్ళు పెద్దవయ్యాయి. తల అడ్డంగా ఊపింది.

"ఏటి, కాదా? అన్నే. పైడమ్మ కూతురి కొడుకు."

నూకరత్నం మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. మెడ నరాలు పొంగాయి. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"బా... బా... బావ!"

వీరబాబు చేతిలో గ్లాసు కింద పడింది. మేదిని పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. అందరికన్నా ముందు చూపమ్మ అరిచింది. "డాక్టర్ గారూ, మాట చోటు నుంచి సంచులు! ఇన్ని నేనెప్పుడూ చూడలేదు!"

అప్పయమ్మకి ఇవేవీ పట్టలేదు. "బావ కాదు వదినా, అన్న" అంది తాపీగా, సంచీలోంచి జంతికలు తీస్తూ.

తెలుగువాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు గానీ, కథ నడవాలి కాబట్టి చెప్పుకుందాం. నరసయ్య పైడమ్మ కొడుకు కొడుకైతే నూకరత్నానికి బావ, అప్పయమ్మకి అన్న. కూతురి కొడుకైతే సరిగ్గా తిరగబడుతుంది. అన్న ముందు ఒద్దికగా ఉండాలి. బావతో ఎంత వేళాకోళమైనా ఆడొచ్చు, నీళ్ళు కూడా పొయ్యొచ్చు. ఇద్దరు ముసలమ్మలకీ బావే కావాలి. ఇద్దరికీ అన్న అక్కర్లేదు. నరసయ్యని అడుగుదామంటే, ఆయన చంటిపిల్లాడుగా ఉండగానే తుఫానులో తల్లీ తండ్రీ పోయారు. ఆయనకీ తెలియదు.

ఆ రోజు నుంచి అప్పయమ్మ రోజూ వచ్చేది. వచ్చిన పూటల్లా రేఖ లేచేది. మొదట ఇమ్తియాజ్ నమ్మలేదు. జంతికల్లో వాము వల్లనేమో అని పరీక్ష చేయించాడు. సముద్రపు గాలి తేడా వల్లనేమో అని చూశాడు. చివరికి చూపమ్మే చెప్పింది. "జంతికలు కాదండీ. అప్పయమ్మగారు." నూకరత్నానికి "కాదు" వచ్చింది. "ఎవరు చెప్పేరు" వచ్చింది. ఒక పొద్దున "నీ మొహం" అని స్పష్టంగా అంది. మేదిని దాన్ని చూపమ్మ చేత మూడుసార్లు వినిపించుకుని మురిసిపోయింది.

వీరబాబు మాత్రం మురవలేదు. అత్త వెళ్ళాక తల్లి మొహం ఎర్రగా కంది ఉండేది, ఊపిరి ఎగదన్నుతూ ఉండేది. చిన్నప్పటి నుంచి వాడికి తెలిసిందొక్కటే, జబ్బు మనిషిని బాధపెట్టకూడదని. ఒకరోజు గుమ్మంలోనే అత్తకి అడ్డం నిలబడ్డాడు.

"అత్తా, నీకు దణ్ణం పెడతాను. నువ్వు రాకు. అమ్మని ఏడిపించేత్తన్నావు."

"నేనా? నేను ఏడిపించేనా? ఉన్న మాట చెప్పేను!"

"ఆ ఉన్న మాట నీ దగ్గరే ఉంచుకో."

అప్పయమ్మ ఒక్క క్షణం మేనల్లుడి మొహంలోకి చూసింది. చీర కొంగు గట్టిగా దోపుకుంది. "నువ్వు పుట్టినప్పుడు నీకు మొదటి నీళ్ళు పోసింది ఈ చేతులే రా" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

గది మళ్ళీ నెమ్మదించింది. రేఖ వాలడం మొదలెట్టింది.

మేదిని కంగారుపడింది. కారణం తెలుసు కదా, మనమే చేద్దామనుకుంది. చూపమ్మ చేత చెప్పించింది, "నరసయ్యగారు మీకు అన్న వరసవుతారు నూకరత్నంగారూ" అని. నూకరత్నం గోడవైపు తిరిగి పడుకుంది. యంత్రంతో ఎవరు వాదించుకుంటారు! సరేనని వీరబాబుకి నేర్పించారు. పాపం వాడు గొంతు సవరించుకుని, "అమ్మా, నరసయ్య నీకు... అన్నేమోనే" అన్నాడు. తల్లి జాలిగా వాడి చెంప నిమిరింది. రేఖ కదలలేదు. కన్నబిడ్డ కళ్ళలోకి చూస్తే ఎవరో చెప్పమంటేనే చెబుతున్నాడని ఏ తల్లికి తెలియదు?

"ఇక ఆమే దిక్కు" అంది మేదిని. "గడువు దగ్గరపడింది. వీరబాబూ, వెళ్ళి మీ మేనత్తగారిని తీసుకురండి."

వీరబాబు వెళ్ళి అత్త కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అత్తా, తప్పయిపోయింది. రా. వచ్చి అమ్మతో దెబ్బలాడు."

"నేను ఎవరితోనూ దెబ్బలాడను" అంది అప్పయమ్మ బెట్టుగా. "కబుర్లు చెబుతాను, అంతే."

"పోనీ కబుర్లే చెప్పు. అమ్మకి మాట రాకపోతే నేను బతకలేను."

ఆ మాటకి ఆమె మొహం తిప్పుకుంది. కొంచెంసేపు ఏదో వెతుకుతున్నట్టు సంచీ సర్దుకుంది. "నీ బతుక్కేం గానీ, ఆ జంతికల డబ్బా అందుకో" అంది.

ఆ రోజు గదిలో జరిగింది చూడటానికి ఆస్పత్రి తెప్ప మీద ఉన్న జనమంతా కిటికీల దగ్గర మూగారు. అప్పయమ్మ వచ్చి కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, "ఒడ్డున మా వియ్యపురాల్ని అడిగేను వదినా. ఆవిడా అదే అంది. నరసయ్య నాన్న ఇల్లరికపు అల్లుడు. అత్తారింట్లోనే ఉండిపోయి ఆళ్ళ ఇంటిపేరే పెట్టుకున్నాడు. అందుకని నువ్వు కొడుకనుకుంటన్నావు. నీకు ముందు నుంచీ తొందరపాటే" అంది.

తొందరపాటు! చుట్టరికాల విషయంలో నూకరత్నాన్ని ఎవరైనా ఏమైనా అనొచ్చు గానీ ఆ మాట అనకూడదు. ఆమె మంచం దిగింది. నేలమీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది. ఒక్కో మాటా లోతునీళ్ళలోంచి వల లాగినట్టు లాగింది.

"ఇల్లరికం... వచ్చింది... వాడు కాదు. వాడి... అక్క మొగుడు. పెళ్ళికి... నేను వెళ్ళేను. నువ్వు... పుట్టలేదు... అప్పటికి!"

కిటికీల దగ్గర ఈలలు, చప్పట్లు. వీరబాబు గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చూపమ్మ గొంతులో కూడా ఏదో వణుకు వినిపించిందని తర్వాత అందరూ చెప్పుకున్నారు. యంత్రానికి వణుకేమిటి గానీ, రేఖ మాత్రం గోడమీది తెర చివరిదాకా వెళ్ళిపోయింది.

"నేను పుట్టకపోతేనేం" అంది అప్పయమ్మ. "మా అమ్మ చెప్పింది."

ఆ తర్వాత నూకరత్నం వెనక్కి చూడలేదు. తలుపు మూసుకునే వేళకి వాక్యాలు వచ్చాయి, సామెతల్లాంటి తిట్లు వచ్చాయి, ఇంటిపేర్లన్నీ తిరిగొచ్చాయి. కొంచెం నెమ్మదిగా మాట్లాడేది, అంతే. దానివల్ల ఇంకా ఘాటుగా వినిపించేది.

ఇంటికి పంపే రోజున మేదిని అప్పయమ్మని పక్కకి పిలిచి రెండు చేతులూ పట్టుకుంది.

"మామ్మగారూ, మీ రుణం తీర్చుకోలేం. మా మందులకి లేవని కణాల్ని మీరు లేపారు. వదినగారి మాట కోసం రోజూ వచ్చి, కావాలని తప్పు వరస చెప్పి, ఎంత బాగా నటించారండీ! ఎంత ప్రేమ ఉంటే..."

అప్పయమ్మ చేతులు లాక్కుంది.

"నటించడమేటి? తప్పేటి? ఆవిడ తప్పు, నేను చెప్పింది నిజం! నరసయ్య నాకు బావ!"

అప్పయమ్మ మొహంలో వెతికినా నటన లేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా తనది తప్పు అనుకుని ఎరగని మొహం అది.

ఆమె విసవిసా వెళ్ళిపోయాక ఇమ్తియాజ్ పగలబడి నవ్వాడు. "యంత్రం చెబితే ఎందుకు లేవలేదో ఇప్పుడు తెలిసింది. అబద్ధాన్ని మనం కావాలని చెప్పాం. ఆవిడ నిజమని నమ్మి చెప్పింది."

"ఇంకో సంగతి ఉంది డాక్టర్ గారూ" అంది చూపమ్మ. "ఒడ్డుకి వెళ్ళేటప్పుడు అప్పయమ్మగారు విప్పేసిన కడియాన్ని, తిరిగొచ్చిన మొదటిరోజు మనం మళ్ళీ తొడిగాం కదా. ఆవిడ మెదడులో కూడా ఒక చిన్న చోటు ఎండి ఉంది. ఎప్పుడు ఎండిందో ఆవిడకే తెలియదు. వదినగారి దగ్గరికి రావడం మొదలెట్టాక ఆ చోటు చుట్టూ కొత్త నాళాలు అల్లుకున్నాయి. ఇద్దరి రేఖలూ జంటగా లేచాయి."

ఇమ్తియాజ్ నవ్వు ఆపి, రెండు రేఖల్నీ తెర మీద పక్కపక్కన పెట్టించి చూశాడు.

"ఇంకొకటి" అంది చూపమ్మ. "నరసయ్యగారి నెత్తురు నా దగ్గర ఉంది. పైడమ్మ అక్క సంతానం నెత్తురూ ఉంది. తల్లి వైపు నుంచి దిగే గుర్తు కణాల్లో చెరగదు. ఆయన పైడమ్మ కొడుకు కొడుకో, కూతురి కొడుకో నేను చెప్పగలను. చెప్పమంటారా?"

ఇమ్తియాజ్ ముందుకు వంగాడు. "చెప్పు!"

"చెప్పకు!" అంది మేదిని.

"అదేంటి మేదినీ? డాక్టరువి, నిజం వద్దంటావా?"

"నాకూ తెలుసుకోవాలనే ఉంది. మనసు పీకేస్తోంది. కానీ చెబితే ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడిపోతారు. రేపటి నుంచి ఇద్దరూ దేనికోసం లేస్తారు? రెండు ప్రాణాలకి పని చేస్తున్న మందుని మన చేత్తో పారబోస్తామా?"

ఇమ్తియాజ్ గడ్డం గోక్కున్నాడు. "అయినా బావే అయ్యుంటాడు" అని గొణిగాడు.

"అన్న" అంది మేదిని, తెలియకుండానే.

కింద రేవులో పడవ సిద్ధంగా ఉంది. చుక్కాని దగ్గర నరసయ్యే కూర్చుని, ఏమీ పట్టనట్టు తాడు చుడుతున్నాడు. వీరబాబు తల్లిని ఎక్కిస్తుంటే, నూకరత్నం పైకి చూసి కేకేసింది.

"డాక్టరమ్మా! చదువుకున్నదానివి... నువ్వు చెప్పు. నరసయ్య నాకు బావా, అన్నా?"

మేదిని తెప్ప అంచున కమ్మీ మీదకి వంగింది. "నాకేం తెలుసు మామ్మగారూ! ఈ వరసలవీ నాకు తెలీవు. మీరే తేల్చుకోవాలి."

ముసలమ్మలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంత చదువుకుంది... వరస తెలీదంట!" అంది నూకరత్నం.

"అవును వదినా, నిజమే. ఏం చదువులో!" అంది అప్పయమ్మ.

ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అలలపేటలో ఎవరూ చూసి ఎరగరు. పడవలో ఉన్నవాళ్ళంతా తెల్లబోయారు.

"డాక్టర్ గారూ, ఇద్దరి రేఖలూ వాలుతున్నాయి" అంది చూపమ్మ కంగారుగా.

అంతలో పడవ కదిలింది. అప్పయమ్మ వదిన పక్కన సర్దుకుని కూర్చుని, జంతికల డబ్బా మూత తీసి, ఒకటి ఆమె చేతిలో పెట్టింది. తర్వాత చుక్కాని వైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"బావా! కాస్త నెమ్మదిగా పోనీ, మీ చెల్లెలికి తల తిరుగుద్ది."

నూకరత్నం చేతిలో జంతిక రెండు ముక్కలైంది.

"ఎవర్తే... చెల్లెలు?"

చూపమ్మ ఇక ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.